మూడు మూరల దారి

పాపకి మూడో నెల వచ్చాక అమ్మ సింధనూరు నుంచి బస్సులో వచ్చింది. సంచిలో రెండు పాత చీరలు, ఇంట్లో కాచిన నెయ్యి, ఒక గుడ్డలో చుట్టిన వెదురు కర్ర ముక్క. చీరతో ఉయ్యాల కడితే బట్ట రెండు వైపుల నుంచీ ముడుచుకుపోయి బిడ్డకి ఊపిరాడదు. అలా కాకుండా పైన అడ్డంగా ఒక కర్ర పెట్టాలి. ఇక్కడ రాయచూరు బజారులో దొరక్క కాదు, ఇంట్లో ఉండగా కొనడం ఎందుకని తెచ్చింది. గుడ్డ విప్పగానే ఆముదం వాసన వచ్చింది. ఒక కొస నున్నగా, గుండ్రంగా ఉంది. రెండో కొసను ఎవరో కత్తితో చెక్కి అరగదీశారు కానీ వెదురు చీలిన చోట పొడుగాటి నల్ల గీత అలాగే ఉండిపోయింది. ఆ కర్ర ఎక్కడ విరిగిందో, ఎవరి మీద విరిగిందో నాకు తెలుసు. మా అత్తగారు దాన్ని చేత్తో తడిమి మంచి గట్టి వెదురు అని మెచ్చుకున్నారు. అది పాడె కొలతకి కోసిన కర్ర అని ఆవిడకి చెప్పలేదు.

ఇప్పుడు పాప ఆ కర్ర కింద నిద్రపోతోంది. నేను పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఫోనులో ఒక ఫిర్యాదు సగంలో ఆగి ఉంది. మా వీధి చివర కాలిబాటని ఒక కట్టడం వాళ్లు మింగేశారని నగరసభకి రాసుకున్నది. అన్ని గళ్లూ నింపాను, చివరిది తప్ప. చూసినవారి పేరు రాయమని అడుగుతోంది ఆ గడి. మూడు రోజులుగా ఖాళీగా ఉంది. ఈ రాత్రి నింపుతాను. నింపేముందు, పదకొండేళ్ల వయసులో ఒకసారి ఇలాంటి గడినే ఎలా నింపానో రాసి పెట్టుకోవాలి.

మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చాక గోదావరి వైపు నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ల ఊళ్లని ఇక్కడ ఎన్ని తరాలు గడిచినా క్యాంపులనే అంటారు. మా ఇంట్లో తెల్లవారడం అంటే ఊక పొయ్యి. నాయనమ్మ పొయ్యి మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, పిడికిలితో గట్టిగా దట్టించి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేది. ఆ గుంటలో నిప్పు వేస్తే మధ్యాహ్నం దాకా నెమ్మదిగా రాజుకుంటూ ఉండేది. నా బడి బట్టలకీ, పుస్తకాలకీ, జడకీ ఆ పొగ వాసనే. బడిలో కన్నడ పిల్లలు నన్ను దూరం నుంచే పసిగట్టి, క్యాంపు పిల్ల వచ్చింది అని ముక్కు మూసుకునేవాళ్లు. నాయనమ్మ పొయ్యి వెలిగించి, గేదె పాలు పితికి, కాఫీ గ్లాసు పట్టుకుని పశువుల కొట్టం గుమ్మంలో కూర్చునేది. తలెత్తితే చూరులో ఆ కర్ర కనిపించేది. అప్పటికి అది మూడు మూరల కర్ర. శనివారం శనివారం దానికి ఆముదం రాసేది. తన కాళ్లకి రాసుకోగా చేతికి మిగిలింది దానికి, దానికి రాయగా మిగిలింది నా తలకి.

ఆ కర్ర సంగతి క్యాంపులో అందరికీ తెలుసు. వాళ్లొచ్చిన కొత్తలో తాతయ్య నాట్ల మధ్యలో పాము కరిచి పోయాడు. శ్మశానం కాలువ అవతల ఉంది. క్యాంపు నుంచి అక్కడికి ఒక కాలిబాట. అదే బాట కాలువ దాటి పక్క ఊరి బడికి పోతుంది, కూలీలు వచ్చేదీ అటే. ఊరి నక్షాలో చుక్కల గీతగా ఉండే దారి అది. కానీ కొత్త పొలాలు కొన్న ఉత్సాహంలో రెండు వైపులవాళ్లూ గట్టుని గీకి గీకి నాట్లు వేసేశారు. పాడె మోసేవాళ్లు ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటు లేకపోయింది. ఒకడి కాలు మోకాలి దాకా దమ్ములో దిగింది. పాడె ఒరిగింది. తాతయ్య జారి బురదలో బోర్లా పడ్డాడు. నాయనమ్మ ఆ ముఖం తన దోసిలితో కాలువ నీళ్లు తెచ్చి కడిగింది. ముక్కులోంచి బురద వేలితో తీశానే బుల్లీ, అని నాకు అన్నం కలుపుతూ చెప్పేది, చింతకాయ పచ్చడి ఎలా చేయాలో చెప్పినంత మామూలుగా. పదోరోజు కాగానే కాలువ గట్టు మీద వెదురు కొట్టించి, మోసేవాళ్లని ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, వాళ్ల బయటి భుజం నుంచి బయటి భుజం దాకా కొలిచి కోయించింది.

అప్పటి నుంచి ఏటా రెండుసార్లు, కాలువకి నీళ్లు వదలడానికి ముందు రోజు, నాయనమ్మ ఆ కర్రని రెండు చేతుల్తో నడుం దగ్గర అడ్డంగా పట్టుకుని క్యాంపు నుంచి శ్మశానం దాకా నడిచేది. కర్ర కొస గట్టుకో కంపకో తగిలిన చోట ఆగేది. వెనక సున్నం పొట్లంతో నేను. అక్కడ ఒక గీత గీసేదాన్ని. సాయంత్రానికల్లా ఆ పొలంవాళ్లే పార తెచ్చుకుని గొణుక్కుంటూ గట్టు వెనక్కి వేసుకునేవాళ్లు. ఎవరైనా అడ్డం మాట్లాడితే నాయనమ్మ గొంతు పెంచేది కాదు. "రేపు నువ్వూ ఇటే వెళ్లాలి కదరా, ఒరిగి పడతావా?" అని అడిగేది. చావు పేరెత్తాక వాదించే మనిషి ఉండడు.

రాఘవయ్య పెదనాన్న ఒక్కడు ఉన్నాడు. మాకు చుట్టం కాదు, క్యాంపులో అందరం ఒకళ్లకొకళ్లం వరసలే. నాయనమ్మని పిన్నీ అనేవాడు, నన్ను అమ్మడూ అనేవాడు, పండగకి మా ఇంటికి పూతరేకులు పంపేవాడు. తూము దగ్గర ఆయన పొలం. ఏటేటా ఆయన గట్టు దారిలోకి జానెడు జరిగేది. ఒక సంవత్సరం కర్ర రెండు జానలు ఆయన పొలంలోకి పోయింది. నేను సున్నం గీశాను. ఆయన దాని మీద నిలబడి, చెప్పుతో మెల్లగా చెరిపేసి, నవ్వుతూ అన్నాడు.

"నా పాడె ఇటు రాదు పిన్నీ. నేను పోతే మావాళ్లు నన్ను కారులో మన ఊరు తీసుకుపోతారు. గోదాట్లో కలిసేవాణ్ణి, నీ దారితో నాకేం పని?"

ఆ రోజు నాయనమ్మ శ్మశానం దాకా నడవకుండా తూము దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది. వారం తిరక్కుండా తూము దగ్గరి హద్దు రాయి మాయమైంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయిన వేళ రాఘవయ్య పెదనాన్నా, ఆయన పెద్ద కొడుకూ రాయిని గునపంతో పెకిలించి కాలువలోకి దొర్లించారు. చూసినవాడు హనుమంతు. మల్లట్ ఊరి నుంచి వచ్చి మా పొలాలన్నింటికీ నీళ్లు తిప్పేవాడు. మర్నాడు పొద్దున్నే మా కొట్టం దగ్గర గ్లాసులో కాఫీ పోయించుకుని తాగుతూ, రాయి ఏ మూల పడిందో కూడా చెప్పాడు. "గింత రాయి, ఇద్దరు దొర్లిచ్చిండ్రమ్మా. బుడుంగుమని పడ్డది," అని నవ్వాడు. నేను గుమ్మంలో జడ వేయించుకుంటూ విన్నాను.

నాయనమ్మ అర్జీ పెడతానంది. ఆవిడకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇక్కడి ఆఫీసుల్లో కన్నడం కావాలి. ఇంట్లో కన్నడం రాయగలిగింది నేనొక్కదాన్నే. ఆ ఏడే మా మాస్టారు అర్జీ రాయడం నేర్పారు. పైన ‘ఇంద’ అని రాసి పంపేవాళ్ల పేరు, దాని కింద ‘గె’ అని రాసి అందుకునేవాళ్ల పేరు. విషయం క్లుప్తంగా, సాక్ష్యం స్పష్టంగా. సాక్ష్యం లేని అర్జీకి ఆయన సగం మార్కులే వేసేవారు. నేను గీతల కాగితం మీద మంచి దస్తూరీతో, నాయనమ్మ చెప్పినదంతా రాశాను. చివర, ఆవిడ చెప్పని ఒక వాక్యం నేనే చేర్చాను. చూసినవారు హనుమంతు, నీళ్లు తిప్పే మనిషి, మల్లట్ వాస్తవ్యుడు. రాసి ఎంత సంబరపడ్డానో గుర్తుంది. పదికి పది అనుకున్నాను. నాయనమ్మ చదవలేని ఆ కాగితం కింద తెలుగులో సంతకం పెట్టింది.

ఆఫీసులో ఇచ్చిన అర్జీ మూడో రోజుకి రాఘవయ్య పెదనాన్న అరుగు మీదకి చేరింది. ఎవరు చేర్చారో ఈ రోజుకీ తెలియదు.

నాలుగో రోజు బడికి వెళ్తున్నాను. తూము దగ్గరికి వచ్చేసరికి దారి మీద ముగ్గురున్నారు. హనుమంతు మోకాళ్ల మీద ఉన్నాడు. పెద్దకొడుకు అతని జుట్టు పట్టుకుని ముఖాన్ని బోదె నీళ్లలోకి నొక్కుతున్నాడు, లేపుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. రాఘవయ్య పెదనాన్న అతని కుడి చేతిని తూము సిమెంటు మీద పరిచి, మణికట్టు మీద కాలు వేసి తొక్కిపెట్టి, పారని తిరగేసి పట్టుకున్నాడు. పార వెనక్కి లేచి దిగింది. ఎండు కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. హనుమంతు నోట్లో నీళ్లుండి కేక బయటికి రాలేదు, బుడగలొచ్చాయి. రెండోసారి పార లేచినప్పుడు పెదనాన్న నన్ను చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది.

"ఏం అమ్మడూ, బడికి టైమవట్లా? రా, పక్కనించి వెళ్లిపో. ఒరే, కాస్త జరగరా, పిల్ల వెళ్తది."

కొడుకు జరిగాడు. నాకు దారి ఇచ్చారు. నేను వెళ్లాను. నా పుస్తకాల సంచి హనుమంతు వీపుకి రాసుకుంది. అతను తల తిప్పి చూశాడో లేదో నేను చూడలేదు. వెనక మళ్లీ ఆ చప్పుడు. ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పనిది ఇదే. కేక వేయలేదు, పరిగెత్తలేదు. ఆలస్యమైతే మాస్టారు బయట నిలబెడతారన్న భయంతో దారిలో దారిగా నడిచాను.

మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. తిరిగి చూస్తే క్యాంపు వైపు నుంచి నాయనమ్మ వస్తోంది. నాట్లు వేసే ఆడవాళ్లెవరో పరుగున వెళ్లి చెప్పారట. చీర మోకాళ్ల పైకి దోపుకుని, కర్రని ఈసారి అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని. తిన్నగా వచ్చి రాఘవయ్య పెదనాన్నని చెవి మీద కొట్టింది. ఆ దెబ్బకే కర్ర విరిగింది. ఆయన పార వదిలేసి కూలబడ్డాడు. పిన్నీ, పిన్నీ అంటున్నాడు. ఆవిడ చేతిలో మిగిలిన సగంతో కొడుతూనే ఉంది, తల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద, నెత్తురు కారే చెవి మీదే మళ్లీ. "దారిలోనా? దారిలో నిలబడి కొడతావురా మనిషిని?" అని అదే మాట. గోధుమరంగు నీళ్లలో ఎరుపు ఒక తాడులా సాగింది. మా నాన్న గునపం పట్టుకుని, వాళ్ల చిన్నకొడుకు కొడవలి పట్టుకుని వచ్చేసరికి క్యాంపు సగం అక్కడ ఉంది. ఆ పూట ఇంకా ఇద్దరి తలలు పగిలాయి. మా గడ్డివాముకి ఎవరో నిప్పు పెట్టారు. మూడు రోజుల దాకా మా ఇంట్లో ఊక వాసన లేదు, కాలిన గడ్డి వాసనే.

పెద్దమనుషులు కూర్చుని తీర్పు చేశారు. రాఘవయ్య చెవి వినికిడి పోయింది, దానికి రాయి పెకిలించిన తప్పు చెల్లు, హద్దు రాయి కాలువలోంచి తీసి యథాస్థానంలో పాతాలి, దారి మూడు మూరలు ఉండాలి, రెండు ఇళ్లూ కేసులు మానుకోవాలి. చెవికి రాయి సరిపోయింది. ఆ తూకంలో హనుమంతు చెయ్యి ఎక్కడా లేదు. అతన్ని ఎవరూ పిలవలేదు. పది రోజుల తర్వాత తనే వచ్చాడు. చేతికి వెదురు బద్దలు కట్టు, వేళ్లు నల్లగా ఉబ్బి ఉన్నాయి. కొట్టం గుమ్మంలో కూర్చున్నాడు. కాఫీ ఎడమచేత్తో అందుకున్నాడు.

"ఒక్క మాట అడుగుత అమ్మా. కాయితంల నా పేరు ఎవరు రాసిండ్రు?"

నేను గేదెకి గడ్డి వేస్తున్నాను. నాయనమ్మ నా వైపు చూడలేదు. అర్జీలో అతని పేరుందని ఆవిడకి పెద్దమనుషుల ముందు చదివినప్పుడే తెలిసింది. అప్పటి నుంచి నాతో ఆ సంగతి ఎత్తలేదు.

"నేనేరా. నేనే రాయించాను," అంది.

హనుమంతు తలాడించి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి మళ్లీ పార పిడిని పట్టలేదని తర్వాత విన్నాం. నాయనమ్మ విరిగిన సగాన్ని చెక్కించి మళ్లీ చూరులో పెట్టింది. ఇంకో కర్ర కోయించలేదు, మళ్లీ దారి కొలవలేదు. నేను పదో తరగతిలో జిల్లాకి ర్యాంకు తెచ్చుకున్నప్పుడు కూడా నా చేత ఒక్క కాగితం రాయించలేదు. అదే నాకు పడిన శిక్ష. కొట్టి ఉంటే బాగుండేది.

రాఘవయ్య పెదనాన్న పోయింది రోడ్ల మీద బండ్లు ఆపేసిన ఆ రోగం రోజుల్లో. కారు లేదు, గోదావరి లేదు. ఆయన్ని ఆ దారినే మోశారు, ఒరగకుండా, ఇద్దరు ఇద్దరు పక్కపక్కన. నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వచ్చి స్నానం చేసింది. ఇప్పుడు ఆ దారికి సిమెంటు వేశారు. ఇదివరకటి కంటే రెండింతలు వెడల్పు. దాని మీద నడిచేవాళ్లే లేరు, మోటారు సైకిళ్లు పోతాయి. వాటికి దారి ఇవ్వడానికి నడిచే మనిషి గట్టు దిగాలి.

నాయనమ్మ పోయినేడు పోయింది. నేను అప్పటికి ఆరో నెల. శ్మశానానికి రాకూడదన్నారు, కొట్టం దగ్గరే ఉండిపోయాను. అందరూ తిరిగి వస్తున్నప్పుడు తెల్లజుట్టు మనిషి ఒకాయన వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. కుడి చెయ్యి పంచె మడతలో దాచుకున్నాడు. కబురు విని మల్లట్ నుంచి వచ్చాడట, పాడె ఒక మలుపు దాకా మోశాడట. నేను నీళ్లిచ్చాను. అప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను. ఆయనే అన్నాడు.

"నాకు ఎరికే బిడ్డా. ముసలమ్మకు కన్నడం వస్తదా? మీ ఇంట్ల రాయొచ్చిన చెయ్యి ఒక్కటే ఉండె."

పదకొండేళ్ల వయసు నుంచి దాచుకున్నది రహస్యమే కాదు. కొట్టం గుమ్మంలో ఆ ప్రశ్న అడిగిన రోజే అతనికి తెలుసు. అతనికి తెలుసని నాయనమ్మకీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. నేను ఏడుస్తుంటే అతను గ్లాసు కింద పెట్టాడు.

"రాసినందుకు గాదు నా బాధ. ఒక్క మాట నన్ను అడిగుంటె, రాయమనే చెప్తుంటి. అడగకపోతివి," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఓర్చుకోగలిగేదాన్ని.

మూడు రోజుల కింద పాపకి టీకా వేయించి వస్తున్నాను. మా వీధి చివర మూడంతస్తుల కట్టడం ఒకటి లేస్తోంది. కాలిబాట మీద ఇనుప చువ్వలు, కంకర. దాని కింది కాలువ మీది బండలు లేచిపోయి, తెరిచిన నోరులా గొయ్యి. రోడ్డు మీదకి దిగాను. లారీ అద్దం నా భుజానికి తగిలింది. పాపని పొట్టకి అదుముకుని మోకాళ్ల మీద పడ్డాను. వెనక చక్రం నా కొంగు మీద నుంచి పోయింది. కొంగు మీద ఆ టైరు అచ్చు ఎంత ఉతికినా పోలేదు. పాప ఏడవలేదు. ఏడవకపోవడమే నన్ను చంపింది. మూల మీద ఆకుకూరలు అమ్మే నర్సమ్మ లేపింది. ఆ బండలు దొంగలెవరూ ఎత్తుకుపోలేదనీ, కట్టడం మేస్త్రీ మనుషులే గునపాలతో లేపి లోపల మెట్లకింద వేసుకున్నారనీ, తను కళ్లారా చూశాననీ చెప్పింది. మేస్త్రీ అది విన్నాడు. ఒక్క అరుపు అరవకుండా నడిచి వచ్చి ఆమె గంపని కాలితో తన్నాడు. తోటకూర, మెంతికూర కట్టలన్నీ మురికి కాలువలో పడ్డాయి. తర్వాత నా వైపు తిరిగి, బిడ్డని జాగ్రత్తగా తీసుకెళ్లండి అక్కా, అని కన్నడంలో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద నాకు తెలుసు. దాన్ని నేను తూము దగ్గర చూశాను.

ఆ రాత్రే ఫిర్యాదు మొదలుపెట్టాను. ఇప్పుడు ఆఫీసుకి నడవక్కర్లేదు, గీతల కాగితం అక్కర్లేదు. వేలితో నొక్కితే పోతుంది. కానీ అది కూడా ఎవరి అరుగు మీదకి చేరుతుందో ఎవరికి తెలుసు? మా ఆయన అసలు పంపొద్దన్నారు, పసిబిడ్డతో ఆ మూల మీదుగానే కదా రోజూ తిరగాలి అన్నారు. ఆయన భయం తప్పని అనలేను. మేస్త్రీకి మా ఇల్లు తెలుసు. పాపని ఎత్తుకుని రెండు రోజులు నేను గుమ్మం దాటలేదు.

ఈ పొద్దున దాటాను. ఉయ్యాలలోంచి కర్ర తీసి కొంగులో చుట్టుకుని, పాపని చంకన వేసుకుని మూల దాకా వెళ్లాను. చువ్వలకీ గోడకీ మధ్య మిగిలిన చోట కర్రని అడ్డంగా పట్టుకున్నాను. పట్టలేదు. సగం కర్ర, ఒక్క ఆడమనిషి బిడ్డతో నడిచే వెడల్పు, అది కూడా పట్టలేదు. పైఅంతస్తు నుంచి ఎవరో ఈల వేశారు. నేను నర్సమ్మ గంప పక్కన కూర్చుని, ఫోనులో ఆ ఖాళీ గడి చూపించి, ఏం జరగవచ్చో దాచకుండా చెప్పి, నీ పేరు రాయనా అని అడిగాను.

ఆమె కొత్తిమీర కట్టలన్నిటి మీదా ఒకసారి నీళ్లు చిలకరించింది.

"రాస్తె వాడు నన్ను తంతడు. రాయకున్నా తన్నిండు గదా," అంది. "రాయి. గని నీ పేరు పైన రాయి, నా పేరు కింద. దెబ్బ పైనోళ్లకు ముందు తగలాలె."

ఇద్దరం నవ్వాం. ఆమె ఇంటిపేరు అడిగి రాసుకున్నాను. తప్పు పడకుండా రెండుసార్లు చదివి వినిపించాను.

ఇప్పుడు ‘ఇంద’ అన్న చోట నా పూర్తి పేరు, మా ఇంటి నంబరు ఉన్నాయి. చూసినవారు అన్న గడిలో మొదట మళ్లీ నా పేరే రాశాను, పడింది నేనే కాబట్టి. దాని కింద ఆమెది. పంపాను. లేచి తలుపు గడియ చూసి వచ్చాను. కూర్చుని, మళ్లీ లేచి చూసి వచ్చాను. వీధిలో ఒక మోటారు సైకిలు మా గుమ్మం ముందు నెమ్మదించి వెళ్లిపోయింది. ఉయ్యాల ఆగిపోయింది. కర్ర విరిగిన కొసని పట్టుకుని మళ్లీ ఊపుతున్నాను.